ల్యాంప్‌రూమ్ అక్కతో రామేశ్వరం

మొన్న గోదావరిఖని కూరగాయల మార్కెట్ దగ్గర కరెంటు స్తంభానికి ఒక యాత్రల పోస్టర్ కనిపించింది. కాశీ, ప్రయాగ, అయోధ్య అని పెద్ద పెద్ద అక్షరాలు. మధ్యలో దేవుళ్ల బొమ్మలు, పక్కన ఏసీ బస్సు బొమ్మ. అన్నింటికన్నా కింద, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా, "చెప్పిన సమయానికి రాని వారి కోసం బస్సు ఆగదు" అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. బెండకాయల సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ పోస్టర్ వేసినవాడు ఎదురుగా ఉంటే నాలుగు దులిపేదాన్నే.

"ఏందక్కా, నువ్వు గూడ కాశికి పోతున్నవా?" అని అడిగింది బెండకాయలమ్మే ఆమె.

"పోతే పోతాను గానీ, ఈ బస్సులో మాత్రం చచ్చినా ఎక్కను" అన్నాను.

ల్యాంప్‌రూమ్ అక్క ఆ పోస్టర్ చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "మనిషి కోసం ఆగని బండి ఎందుకే? దున్నపోతు మీద పోరాదు, యముడే తోల్కపోతడు" అనేది. ఆమె పోయి ఆర్నెల్లయింది. పోయిందన్న కబురు వచ్చిన రోజు నేను ఏడవలేదు. పెళ్లివాళ్ల జాకెట్లు ఉన్నాయి, కుట్టుకుంటూ కూర్చున్నాను. మొన్న ఆ స్తంభం దగ్గర మాత్రం నడిబజారులో కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దానితో ఎవరైనా పిలవగా నేను వినలేదు. బొగ్గు గని మీద ల్యాంప్‌రూమ్‌లో పనిచేసేది కాబట్టి అందరికీ ల్యాంప్‌రూమ్ అక్క. భూమిలోకి దిగే ప్రతి కార్మికుడూ ముందు ఆ గది కిటికీ దగ్గరకు వచ్చి, తన నంబరున్న బిళ్ల ఇచ్చి, నెత్తిన పెట్టుకునే లైటు తీసుకుంటాడు. ఆ బిళ్లను గోడకున్న మేకుకు తగిలిస్తారు. షిఫ్టు దిగి పైకొచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. గోడకు బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. ఇది ఆమె ఒక్కతే చేసిన పని కాదు, ప్రతి గని మీదా ఎవరో ఒకరు చేసేదే. కానీ ఆమె దగ్గర ఒక అలవాటు ఉండేది. లైటు తిరిగి ఇస్తున్న ప్రతి మనిషి ముఖంలోకీ చూసి, "వచ్చినవా?" అని అడిగేది.

ఎదురుగా నిలబడ్డవాణ్ణి వచ్చినవా అని అడగడం ఏమిటి? వచ్చాడు కాబట్టే కదా నిలబడ్డాడు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకునేవారట. ఆమె మాత్రం "వచ్చిన అక్కా" అని ఆ మనిషి తన నోటితో అనేదాకా బిళ్ల ఇచ్చేది కాదు. పక్కవాడు "వచ్చిండక్కా, ఎనుక వస్తుండు, ఆని బిళ్ల గూడ నాకే ఇయ్యి" అంటే కసిరేది.

"ఆని నోరు ఆనికున్నది గదా. నీకెందుకు?"

మనిషి పొట్టి. కళ్లద్దాలు సోడాబుడ్లు. చీర కుచ్చెళ్లు మడమల పైకి ఉండేవి, ఎప్పుడైనా పరుగెత్తాల్సి వస్తుందేమో అన్నట్టు. బొడ్లో ఎప్పుడూ ఒక చిన్న టార్చిలైటు. వెలగని బల్బు కనిపిస్తే ఆమెకు ప్రాణం పోయినంత పని. నా కుట్టుపని కొట్టుకు వస్తే ముందు పైకి, బల్బు వైపు చూసేది. "ఆ బుగ్గ కొట్టుకుంటుంది చూడు, మార్పియ్యి. కండ్లు పోతయ్" అనేది. ఎవరింటికి పోయినా అంతే, చావింటికి పోయినా అంతే. ఒకసారి తద్దినం భోజనాల దగ్గర, విస్తరి ముందు కూర్చున్న ఆవిడ లేచిపోయి వాళ్ల వంటింటి లైటు బాగుచేయించి వచ్చి మళ్లీ తినడం నేను కళ్లారా చూశాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి గనిలో ఫిట్టరుగా వచ్చాడు. నేను పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది అన్నీ ఇక్కడే, అయినా నా నోట్లో "అండి" పోలేదు. అక్కకు నా "అండి"తో వేళాకోళం.

"నువ్వు అండి అన్నప్పుడల్ల నేను తహసీల్దార్ ఆఫీసుల నిలవడ్డట్టు అనిపిస్తది చెల్లె. అక్కా అని ఊకో" అనేది. నేను "అలాగే అక్కా" అని, రెండో మాటకే మళ్లీ "అండి" అనేదాన్ని. ఆమె నెత్తి కొట్టుకునేది.

రిటైరయ్యాక ఆమె ఇంట్లో కూర్చోలేకపోయింది. కూతురు పెళ్లయి బెల్లంపల్లిలో ఉంది. అక్కడ నాలుగు రోజులుండి వచ్చేది, వచ్చిన మర్నాటి నుంచి కాలనీలో ఇల్లిల్లూ తిరిగేది. "ఏడికన్న పోదాం నడువున్రి" అనేది. అట్లా మొదలయ్యాయి యాత్రలు. ఏజెంటు లేడు, గైడు లేడు. రిటైరైన కార్మికులు, వాళ్ల ఆడవాళ్లు, నాలాంటి చిల్లర జనం కలిసి పోవడమే. అందరూ కాశీ అంటే ఆమె తమిళనాడు అంది.

"కాశికి అందరు పోతరు. తమిళోళ్ల దిక్కు గుళ్లు ఊరంతగ ఉంటయంట. అవతల పెద్ద పెద్ద పట్నాలు గూడ ఉన్నయంట. దేవుణ్ణి చూసి, ఆ దేవుణ్ణి సాదేటోళ్లను చూడకపోతే సగం యాత్రనే."

దేవుణ్ణి సాది పోషించేవాళ్లెవరో కంచిలో తెలిసింది. పొద్దున్నే గుడికి పోయి వస్తుంటే, ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ బస్సులు. లోపల ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ఆడపిల్లలు, కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్నారు. చెన్నై దాకా రైల్లో వచ్చి అక్కడ బస్సు మాట్లాడుకున్నాం, అక్క దాన్ని ఆపించింది. కిందికి దిగి రోడ్డు పక్కన నిలబడి ఆ బస్సుల్లో పిల్లలకు చెయ్యి ఊపింది. ఒకరిద్దరు నిద్రమొహాలతో తిరిగి ఊపారు.

"నైట్ డ్యూటీ చేసి పోతున్నరు. మొఖాలు చూస్తలేవా, సేమ్ మనోళ్లే" అంది నాతో. కంచిలో ఆమెకు గోపురం కన్నా ఆ బస్సులే ఎక్కువ గుర్తుండిపోయాయి. తిరిగొచ్చాక ఎవరు కంచి మాటెత్తినా ఆ పిల్లల సంగతే చెప్పేది.

అంతకుముందే చెన్నైలో మెట్రో ఎక్కించింది అందరినీ. భూమి కింద నడిచేది. మా కాలనీ ఆడవాళ్లలో చాలామందికి మొగుళ్లు ఏళ్లకేళ్లు దిగి ఎక్కిన గని లోపల ఎలా ఉంటుందో తెలియదు. కదిలే మెట్ల మీద ఒకరి కొంగు ఒకరు పట్టుకుని కిందికి దిగారు. కింద పాలరాయిలా మెరిసే నేల, ఏసీ, పగటిని మించిన లైట్లు. మా క్వార్టర్ల వరసలో ఉండే చిన్నమ్మ గోడను చేత్తో తడిమి మొగుణ్ణి అడిగింది.

"ఏమయ్యా, లోపల గిట్లనే ఉంటదా?"

ఆయన మల్లయ్య కాక. బొగ్గు కొట్టీ కొట్టీ భుజాలు వంగిపోయిన మనిషి, పేలుళ్ల చప్పుళ్లకు చెవులు పోయాయి. చిన్నమ్మ మళ్లీ అరిచి అడిగితే పగలబడి నవ్వాడు.

"గింత చల్లగ, గింత వెలుగుంటే నేను రిటైరే కాకపోతుంటి!"

అక్క మాత్రం గేట్ల దగ్గరే ఆగిపోయింది. టికెట్ చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, బయటికి పోవాలన్నా మళ్లీ చూపించాలి. "గిది మా ల్యాంప్‌రూమ్ పద్ధతే" అని మురిసిపోయింది. "ఎవలు లోపలున్నరో మిషిన్‌కు ఎరుకైతది. గాని వచ్చినవా అని అడుగదు, గదొక్కటే తక్కువ."

ఆ లోటు మా బస్సులో ఉండేది కాదు. ఏ ఊళ్లో ఆగినా, మళ్లీ బయల్దేరేటప్పుడు అక్క తలుపు దగ్గర నేల మీద నిలబడేది. ఎక్కే ప్రతి మనిషీ ఆమె ముఖం చూసి "వచ్చిన" అనాలి. అందరూ ఎక్కాకే ఆమె ఎక్కేది. ఒక కిరాణా కొట్టాయన, సేటూ అని పిలిచేవాళ్లం, భార్యతో వచ్చాడు. ఆయనకు ఇది నామోషీ.

"నేనేమన్న బడికి పోయే పోరగాణ్ణా అక్కా, హాజరు పలకనీకి?" అన్నాడు మొదటి రోజు.

"పలుకు సేటూ, నోరేం అరిగిపోదు" అంది అక్క.

శ్రీరంగం వచ్చేసరికి సేటే అందరికన్నా గట్టిగా "వచ్చిన!" అని అరుస్తున్నాడు. శ్రీరంగంలో ఇంకో సంగతి జరిగింది. ప్రాకారం లోపల ఒక మూల బల్బు వెలగడం లేదు. అక్క గుడి కరెంటు మనిషిని పట్టుకుని, పైకి వేలు చూపి, అచ్చ తెలుగులో వాణ్ణి దులిపేసింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నిచ్చెన తెచ్చి బల్బు మార్చాడు, దిగి ఆమెకు దణ్ణం పెట్టాడు. రంగనాథుడి దర్శనం క్యూలో ఇదంతా చూసి నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఇక రామేశ్వరం.

దానికి ముందు మల్లయ్య కాక సంగతి చెప్పాలి. ఆయనకు ఏడాదిగా మతిమరుపు మొదలైంది. ఒక్కోసారి తెల్లారగట్ల లేచి బూట్ల కోసం వెతికేవాడట, డ్యూటీకి టైమైందని. కొడుకులు యాత్రకు వద్దన్నారు. చిన్నమ్మ అక్క దగ్గరకొచ్చి ఏడ్చింది, ఆయన జన్మలో సముద్రం చూడలేదని. అక్క ఆ కొడుకుల ఇంటికి పోయి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"మీ నాయినను నేను తోల్కపోత. మళ్ల నేనే తోల్కొచ్చి మీ గడపల దిగవెడ్త. నాది జిమ్మ."

ఆమె మాట మీద పంపారు. కాకకు ఏదైనా అయితే ఆ ఇంటికి ముఖం చూపించాల్సింది అక్కే. ఆ సంగతి బస్సులో అందరికీ తెలుసు.

రామేశ్వరంలో పొద్దున్నే సముద్రంలో మునిగాం. తర్వాత గుడిలోని బావులన్నింటి దగ్గరా బకెట్లతో నీళ్లు పోయించుకుని, తడి బట్టలతో వణుకుతూ, నవ్వుకుంటూ తిరిగాం. దర్శనం బాగా జరిగింది. తిరిగి వస్తుంటే ఆ పొడుగాటి వసారా వచ్చింది. రెండు వైపులా స్తంభాలు, చూపు ఆనినంత దూరం స్తంభాలే. మల్లయ్య కాక ఠక్కున ఆగిపోయాడు. ముఖం వెలిగిపోయింది.

"మన గ్యాలరీ గదా ఇది!" అన్నాడు.

గనిలో బొగ్గు తవ్వుకుంటూ పోయే దారిని గ్యాలరీ అంటారు, పైకప్పు కూలకుండా మధ్యమధ్యలో బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. ఆయన ఒక్కో స్తంభాన్ని అరచేత్తో తట్టుకుంటూ నడిచాడు. తలెత్తి కప్పు చూశాడు. "పైన మంచిగున్నది. ఫికర్ లేదు, నడువున్రి" అని మా అందరికీ ధైర్యం చెప్పాడు. మాకు నవ్వొచ్చింది. చిన్నమ్మ కూడా నవ్వింది, పాపం.

ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి పోతూ చిన్నమ్మ ఆయన్ను ఒక స్తంభం దగ్గర నిలబెట్టింది. కదలొద్దని చేతులతో చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆమె వచ్చేసరికి లేడు.

బస్సు గుడికి పడమటి వైపు నిలిపి ఉంది. చిన్నమ్మ అక్కడికి గుండెలు బాదుకుంటూ వచ్చింది. మగవాళ్లు గుడి లోపల నాలుగు దిక్కులా వెతకబోయారు. పోలీసులను అడిగితే పాపం వాళ్లు వెంటనే మైకులో చెప్పారు, తమిళంలో, హిందీలో. చెవులే లేని మనిషికి ఏ భాషలో చెప్తే ఏం లాభం? గుడంతా తిరిగి ఒక్కొక్కరూ ఖాళీ చేతులతో వచ్చారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. సాయంత్రం మదురైలో మా రైలు. అందరికీ ఆ రైల్లోనే బెర్తులు.

డ్రైవరు గడియారం చూపిస్తున్నాడు. సేటు భార్య సణుగుడు మొదలుపెట్టింది. సేటు దిగి వచ్చాడు.

"అక్కా, తప్పుగ అనుకోకు. ఎల్లుండి మా మనుమనికి పుట్టెంటుకలు. వేములవాడల అన్నీ మాట్లాడి పెట్టినం. పోలీసోళ్లకు చెప్పినం గదా. ఇద్దరు ఉందాం ఈడ, కడమోళ్లం పోదాం."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకు కూడా మనసులో కొంత అదే ఉంది, దాచుకోవడం దేనికి. అక్క పోయి బస్సు మెట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చుంటే తలుపు మూసుకోదు, బస్సు కదలదు.

"సేటూ," అంది, "ఒక్కడు లోపలుంటే షిఫ్టు దిగినట్టు కాదు. నీ మనుమని ఎంటికలు ఏడికి పోవు, ఇంకింత పెరుగుతయ్. కూసో."

సేటు కూర్చున్నాడు. నాకు తెలిసి ఆయన్ను ఎవరూ అంత సులువుగా కూర్చోబెట్టలేదు.

తర్వాత అక్క చిన్నమ్మను దగ్గరకు పిలిచింది. ఆమె ఏడుస్తూనే ఉంది.

"చిన్నమ్మా, జర యాది చేసుకో. కాకను నిలవెట్టినవ్ గదా, ఆడ గాలి ఎటు దిక్కు నుంచి కొడుతుండె?"

మేము ముఖముఖాలు చూసుకున్నాం. ఇదేం ప్రశ్న అనుకున్నాను నేను. చిన్నమ్మ కళ్లు తుడుచుకుని ఆలోచించింది.

"నాకేమెరుక బిడ్డా... తడి చీర ఒంటికి అంటుకుంటుండె. కొంగు ఎనుకకు కొట్టుకుంటుండె. గుడి ముంగట దిక్కు చూస్తుంటి."

"తూర్పు" అంది అక్క, లేచి నిలబడింది. "కాక గాలికి ఎదురు పోయిండు."

బస్సులో ఉన్న ముసలి కార్మికులు ఒక్కసారిగా "అవ్ గదా!" అన్నారు. ఒకాయన నెత్తి కొట్టుకున్నాడు, తనకు తట్టనందుకు. వాళ్లకు చెప్పనక్కర్లేదు, నాకు అక్క ఆటోలో చెప్పింది. గనిలో లైటు ఆరిపోయినా, దారి తప్పినా భయపడకూడదట. నిలబడి ముఖానికి గాలి ఎటునుంచి తగులుతోందో చూసుకోవాలి. మంచి గాలి పైనుంచే లోపలికి వస్తుంది కాబట్టి, దానికి ఎదురు నడిస్తే పైకి తేలుతారు. కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది అదే. అక్క ఎప్పుడూ కిందికి దిగలేదు. కిటికీ దగ్గర నిలబడి వాళ్ల మాటలు విని నేర్చుకుంది. కాక అన్నీ మరిచిపోయినా అదొక్కటీ మరిచిపోయి ఉండడని ఆమె నమ్మకం.

చిన్నమ్మ తానూ వస్తానంది. "వద్దు, ఆయన ఇటే వస్తే నువ్వు కనవడాలె" అని అక్క ఆమెను తలుపు దగ్గర నిలబెట్టి, నన్ను తీసుకుని ఆటో ఎక్కింది.

ఆటో గుడి చుట్టూ తిరిగి తూర్పు వైపు పోతోంది. అక్క రెండు చేతులతో ముందు కడ్డీ పట్టుకుంది.  

"అక్కా, దొరుకుతారండి. కంగారు పడకండి" అన్నాను. "అండి" అన్నందుకు ఆమె నన్ను వెక్కిరించలేదు.

"మా ఆయన గూడ గిట్లనే ఆఖరుకు మిగిలిండు చెల్లె" అంది. ఆమె మొగుడు గనిలో పోయాడని, ఆయన బదులే ఆమెకు ల్యాంప్‌రూమ్ ఉద్యోగం ఇచ్చారని కాలనీలో అందరికీ తెలుసు. ఆమె నోటి నుంచి మాత్రం ఎవరమూ వినలేదు. "షిఫ్టు దిగినంక అందరు ఇండ్లకు వచ్చిన్రు. ఆయన రాలే. బువ్వ పొయ్యి మీదనే ఇడిసిపెట్టి ఉరికిన గని మీదికి. పోయి చూస్తే గోడకు ఆయన బిళ్ల ఒక్కటే ఉన్నది."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె ఆగి, మళ్లీ చెప్పింది.

"లోపలికి పోత, ఆయనను నేను తోల్కొస్త అన్న. కాళ్లు మొక్కిన. ఆడోళ్లను దిగనియ్యరు అన్నరు. వాళ్ల తప్పేం లేదు, అప్పుడు గట్లనే ఉండె రూలు. నేను పోతే బతికొస్తుండె అని గాదు. గాని ఒక్కసారన్న పోవాలె గదా మన మనిషి కోసం. పొద్దుమీకేదాక గేటు కాడనే నిలవడ్డ."

 ఆమె చేతి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

స్నానాల రేవు దగ్గర దిగాం. జనం కిటకిటలాడుతున్నారు. అక్క ఆ జనంలోకి పోలేదు. కొంగు వదిలేసి, గాలి ఎటు కొడుతోందో చూసుకుంది. ఈశాన్యం వైపు నుంచి వస్తోంది. అటే నడిచింది, ఒడ్డు వెంబడి, చెప్పుల్లేకుండా, కాలే ఇసుకలో. నేను వెనక పరుగు. రేవు అయిపోయింది, కొట్లు అయిపోయాయి. చేపల పడవలు లాగి పెట్టిన చోటు వచ్చింది. వలలు బాగుచేసుకుంటున్న ఒకామెకు అక్క తన భుజాలు వంచి చూపించి, తలకు టవల్ చుట్టినట్టు చేతులు తిప్పింది. ఆమె నవ్వి, పడవల అవతలికి వేలు చూపించింది.

ముందే చెప్పేస్తున్నాను, మాకు ఆ రైలు అందలేదు. రెండు రైళ్లు మారి, రిజర్వేషన్ లేని పెట్టెల్లో నిలబడి, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఇల్లు చేరాం. సేటు తనకు దొరికిన సీటు కాకకు ఇచ్చి తలుపు దగ్గర కింద కూర్చున్నాడు. మనవడి పుట్టెంటుకలు తర్వాత ఎప్పుడో తీశారు. కాకను ఆయన గడపలో దింపి, కొడుకుల చేతికి అప్పగించాకే అక్క తన ఇంటికి పోయింది. ఆ తిట్లు, ఆ ఇరుకు, ఆ పులిసిన పులిహోర అన్నీ మరిచిపోయాను. మరిచిపోనిది ఆ పడవల అవతల చూసిందే.

మల్లయ్య కాక నీళ్ల అంచున నిలబడి ఉన్నాడు. అలలు వచ్చి మోకాళ్ల దాకా తడుపుతున్నాయి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముఖం గాలికి పెట్టి, నీళ్ల మీదికి చూస్తున్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే లోతే. అక్క అలల్లోకి దిగి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడలేదు. తిరిగి చూసి, ఎప్పుడూ పలకరించినట్టే పలకరించాడు.

"గాలైతే మస్తొస్తుంది బిడ్డా. దారే అయిపోయింది" అన్నాడు.

అక్క ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "అవ్ కాకా! దారి గింతనే! నడువ్, పోదాం!"

"షిఫ్టు అయిపోయిందా?"

"అయిపోయింది!"

"అందరు ఎక్కిన్రా?"

"అందరు ఎక్కిన్రు! నువ్వొక్కనివే ఉన్నవ్!"

ఆయన తల ఊపాడు. అప్పుడు ఆమెను కాళ్ల నుంచి తల దాకా పరకాయించి చూశాడు. తడిసిన చీర, జారిన కొంగు, ఇసుక అంటిన కాళ్లు. ఆయన ముఖంలో దిగులు కనిపించింది. తన కోసం కాదు, ఆమె కోసం.

"అవ్ గాని, నువ్వెట్ల వచ్చినవ్ లోపలికి? ఆడోళ్లను దిగనియ్యరు గదా!"

నేను అక్క వైపు చూశాను. ఆమె కళ్లద్దాలు తీసింది. మళ్లీ పెట్టుకుంది.

"ఇయ్యాల దిగనిచ్చిన్రు కాకా" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆయనకు వినపడి ఉండదు.

తర్వాత ఆ అలల్లో నిలబడి, ఆయన చెయ్యి వదలకుండా, పడవల దగ్గరి వాళ్లంతా తిరిగి చూసేలా బావురుమని ఏడ్చింది. నేను దగ్గరకు పోబోయి ఆగిపోయాను. కాకకు ఏమీ అర్థం కాలేదు. నెత్తికి చుట్టిన టవల్ విప్పి, ఆమె ముఖం తుడిచాడు.

"ఏడ్వకు బిడ్డా. నేను మంచిగనే ఉన్న గదా. పా, నిన్ను పైకి తోల్కపోత" అని, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఒడ్డుకు నడిపించాడు.